స్పానిష్ చదివితే ఏమవుతారు?

మా అమ్మాయి స్పానిష్ చదువుతోందని చెప్పగానే ఎదుటివాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడం నాకు అలవాటైపోయింది. తర్వాత ముగ్గురిలో ఇద్దరు "ఓహో, ఇంజనీరింగ్‌తో పాటా?" అంటారు. కాదండీ, డిగ్రీయే అది, బీఏ ఆనర్స్ స్పానిష్ అని చెప్తే మళ్ళీ ఓసారి ఆగి, "చదివి ఏమవుతుంది?" అని అడుగుతారు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పాతికేళ్ళ కిందట అనంతపురంలో నేను బీఏ స్పెషల్ తెలుగు చదువుతున్నప్పుడు మా మేనమామలు మా నాన్నను ఇదే అడిగేవాళ్ళు. పండిట్ ట్రైనింగ్ చేయించి టీచర్ని చేస్తానని నాన్న ఒక జవాబు సిద్ధంగా పెట్టుకున్నాడు. ఈలోగా సంబంధం కుదిరింది, హైదరాబాదు వచ్చేశాను, ఇల్లూ పిల్లలూ అయ్యారు. దానికి నాకు బాధేమీ లేదు. కానీ చూడండి, తెలుగుకి ఒక్క మాటలో చెప్పగలిగిన జవాబు ఉండేది. టీచరు. స్పానిష్‌కి అలాంటి ఒక్క మాట లేదు. డాక్టరు చదివితే డాక్టరు, సీఏ చదివితే సీఏ, స్పానిష్ చదివితే...?

ఈ మూడేళ్ళలో విన్నవీ, ఈ రెండు నెలలు మా ఇంట్లో జరిగిన వాదనలూ కలిపి రాస్తున్నాను. ఇంటర్ అయిపోయిన పిల్లలున్న అమ్మలకు పనికొస్తుంది.

అది చదివేది తార్నాకలో, ఉస్మానియా పక్కనే ఉన్న ఇఫ్లూలో. పాత ఆటోవాళ్ళకు సీఫెల్ అంటేనే తెలుస్తుంది. 1958లో ఇంగ్లీషు బోధన కోసం పెట్టిన సంస్థ అది, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. ఇప్పుడు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, రష్యన్, అరబిక్, జపనీస్.. ఇలా చాలా ఉన్నాయి. ఢిల్లీలో జేఎన్‌యూలోనూ, ఢిల్లీ యూనివర్సిటీలోనూ కూడా స్పానిష్ డిగ్రీ ఉంది. ఎంట్రన్సు రాసి సీటు తెచ్చుకోవాలి. ముందే భాష వచ్చి ఉండక్కర్లేదు, "ఓలా" దగ్గర్నించే మొదలుపెడతారు.

అందరూ అనుకున్నట్టు ఇది స్పోకెన్ స్పానిష్ కోర్సు కాదు. వ్యాకరణం, ఉచ్చారణ శాస్త్రం, స్పెయిన్ చరిత్ర, లాటిన్ అమెరికా చరిత్ర, 1605 నాటి డాన్ కిహోతే నుంచి మార్కేజ్ దాకా సాహిత్యం. మా స్పెషల్ తెలుగు కూడా ఇలాగే ఉండేది కదా అనిపించేది. మొదటి ఏడాది అది వ్యాకరణం చదువుతుంటే నేను పక్కన కూరగాయలు తరుగుతూ వినేదాన్ని. స్పానిష్‌లో "ఉండటానికి" రెండు క్రియలట, సెర్, ఎస్తార్. ఎక్కడ ఏది వాడాలో తెలియక క్లాసంతా తలలు పట్టుకున్నారట. నేను అడిగాను, "నేను అమ్మను" అంటాం, "నేను వంటింట్లో ఉన్నాను" అంటాం. మొదటిదాంట్లో "ఉన్నాను" లేదు కదా, అలాంటిదేనా అని. అది కాసేపు ఆలోచించి "చాలావరకు అంతేనమ్మా" అంది. ఆ రోజు సాంబారులో ఉప్పు ఎక్కువైనా ఎవరూ ఏమీ అనలేదు. టూ, ఉస్తెద్ అంటే మన నువ్వు, మీరు. కొలంబియాలో కొన్నిచోట్ల ఇంట్లోవాళ్ళని కూడా "మీరు" అంటారట. రెండు ర-లు కలిపి పలికే శబ్దం మన బండి ఱ లాంటిది. ఇంగ్లీషువాళ్ళకు కష్టమైన శబ్దాలు కొన్ని మన పిల్లలకు సులువుగా వస్తాయి.

సరే, ఉద్యోగాల సంగతి.

మా బంధువుల్లో అందరూ ముందు అడిగేది ఎంబసీ. ఎంబసీల్లో మనవాళ్ళకు ఉద్యోగాలుంటాయి గానీ వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. విదేశాంగ శాఖలో దుబాసీల పోస్టులు ఉన్నాయి, అవీ కొన్నే. ఇక ఐఎఫ్ఎస్ అంటారా, సివిల్స్‌కి ఏ డిగ్రీ అయినా చాలు. ఎంపికైన తర్వాత ఒక విదేశీ భాష వాళ్ళే తప్పనిసరిగా నేర్పిస్తారు, అందులో స్పానిష్ కూడా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో స్పానిష్ ఒకటి, నిజమే. కానీ ఆ మాట వినేసి పిల్లను న్యూయార్క్‌లో ఊహించుకోవడం, క్రికెట్ బ్యాటు కొనగానే ఇండియా జట్టులో ఊహించుకోవడం లాంటిదే.

టీచింగ్ ఉంది. సీబీఎస్‌ఈలో స్పానిష్ ఒక సబ్జెక్టు, ఇంటర్నేషనల్ స్కూళ్ళలో బాగా చెప్తున్నారు. బీఈడీ కూడా ఉంటే మంచిది. కాలేజీలో చెప్పాలంటే ఎంఏ, ఆపైన నెట్. నెట్‌లో స్పానిష్ సబ్జెక్టు ఉంది. టూరిస్టు గైడు పని ఉంది గానీ అది ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ దారిలోవాళ్ళకు ఎక్కువ.

హైదరాబాదులో, బెంగళూరులో ఎక్కువమందిని తీసుకునేది కంపెనీలు. ఫోన్లలో, మెయిళ్ళలో కస్టమర్లతో మాట్లాడే పనులు, విదేశీ ఆఫీసుల బిల్లులూ జీతాలూ ఇక్కడ చూసే అకౌంట్స్ పనులు, సైట్లలో ప్రజలు పెట్టేవాటిని తనిఖీ చేసే పనులు. వీటికి బీ2, సీ1 అని స్థాయి అడుగుతారు. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు. స్పెయిన్ ప్రభుత్వం తరఫున సెర్వాంతెస్ సంస్థ పెట్టే డేలే పరీక్ష పాసైతే ఆ సర్టిఫికెట్‌కి గడువు ఉండదు. ఆ సంస్థ శాఖ ఢిల్లీలో ఉంది. డిగ్రీ ఉన్నా సరే ఇది రాయించండి. డిగ్రీ కాగితంలో మార్కులుంటాయి గానీ ఎంత భాష వచ్చో కంపెనీవాడికి అర్థం కాదు.

అమ్మలు మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, జీతం కంటే ముందు. "ఏ దేశం స్పానిష్?" అని. మెక్సికోలో పొద్దున తొమ్మిదంటే మనకు రాత్రి ఎనిమిదిన్నర. అంటే అది రాత్రంతా చేసే ఉద్యోగం. స్పెయిన్‌లో తొమ్మిదంటే మనకు చలికాలంలో మధ్యాహ్నం ఒకటిన్నర, వాళ్ళ వేసవిలో పన్నెండున్నర. పిల్ల రాత్రి ఇంటికొచ్చి పడుకుంటుంది. ఒకే భాష, ఒకే డిగ్రీ, రెండు రకాల జీవితాలు.

మా మరిది ఇంజనీరు. ఆయన ఓ మాటన్నాడు. "వదినా, వడోదరలో సీ-295 విమానాల ఫ్యాక్టరీ పెట్టారు కదా, 2024 అక్టోబరులో మన ప్రధాని, స్పెయిన్ ప్రధాని కలిసి ప్రారంభించారు. 56 విమానాల్లో 16 స్పెయిన్ నుంచి వస్తే 40 ఇక్కడ చేస్తారు. వాటి భాగాలు కొన్ని మన హైదరాబాదులోనే తయారవుతాయి. అయితే అక్కడికి కావాల్సింది స్పానిష్ కాస్త వచ్చిన ఇంజనీరు గానీ, ఇంజనీరింగ్ రాని స్పానిష్ పండితురాలు కాదు కదా?" అని. మా అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది గానీ, ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది. భాష ఒక్కటే పట్టుకుని వెళ్తే దొరికేవి చాలావరకు ఫోనెత్తే ఉద్యోగాలు. భాషకు పక్కన ఇంకొకటి ఉండాలి. అకౌంట్సో, మందులో, చట్టమో, పిల్లలకు పాఠం చెప్పే నేర్పో. డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురు వాళ్ళమ్మాయి నర్సింగ్ చదువుతూ స్పానిష్ తీసుకుంది. అమెరికాలో ఇళ్ళల్లో స్పానిష్ మాట్లాడేవాళ్ళు 4 కోట్ల పైమాటే. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రాని రోగికి దుబాసీని ఏర్పాటు చేయాలి. రోగి వెంట వచ్చిన చిన్నపిల్లలతో ఆ పని చేయించకూడదని కూడా నిబంధన. ఆ పిల్ల ఉద్యోగానికి స్పానిష్ కలిసొచ్చే బలం. మా పిల్లకు అదే మొత్తం ఆస్తి.

మరి మిగతా సగం? మా అమ్మాయికి స్పానిష్ పిచ్చి ఎక్కింది కంపెనీలు చూసి కాదు. మా పుట్టింటి వీధిలో.

అనంతపురంవాళ్ళకు ఫెర్రర్ గారి గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో పుట్టినాయన. 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీ సంస్థను మొదలుపెట్టి, 2009లో పోయేదాకా మా జిల్లాలోనే ఉన్నారు. ఇళ్ళు, బడులు, చెరువులు, బత్తలపల్లి ఆసుపత్రి.. చెప్తే చాలా ఉంది. ఆ సంస్థ ద్వారా స్పెయిన్‌లో ఒక కుటుంబం ఇక్కడి ఒక పాప చదువుకు సాయం చేస్తుంది. పాప వాళ్ళకు తెలుగులో ఉత్తరం రాస్తుంది, బొమ్మ గీసి పంపుతుంది. తెలుగు ఉత్తరాలను వాళ్ళకు అర్థమయ్యేలా, వాళ్ళ జవాబులను పిల్లలకు అర్థమయ్యేలా మార్చే పని అక్కడ ఏళ్ళ తరబడి నడుస్తోంది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి సెలవుల్లో, మా అమ్మవాళ్ళింటికి పాలు పోసే ఆమె మనవరాలు తనకొచ్చిన కార్డు చూపించింది. సముద్రం బొమ్మ, వెనకాల చేతిరాత, దానికి పిన్ను చేసిన తెలుగు కాగితం. మా అమ్మాయి ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని మధ్యాహ్నమంతా ఏ మాటకు ఏ మాటో వెతుకుతూ కూచుంది. భోజనానికి పిలిస్తే రాలేదు. అప్పుడు ఎవరం పట్టించుకోలేదు, ఇంటర్ తర్వాత తెలిసింది.

అక్కడే పల్లెటూళ్ళ డిగ్రీ పిల్లలకు విదేశీ భాషలు నేర్పే బడి కూడా నడుపుతున్నారు, పదేళ్ళ పైనుంచీ. మా అమ్మ ఎదురింటివాళ్ళమ్మాయి బీకాం చదివి అక్కడ స్పానిష్ నేర్చుకుంది. ఇప్పుడు బెంగళూరులో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో చేస్తోంది. మా మరిది చెప్పిన లెక్కకు ఆ అమ్మాయే ఉదాహరణ. కానీ ఉత్తరాల సంగతికి వస్తే, అక్కడ పనికొచ్చేది స్పానిష్ ఒక్కటే కాదు. "మా అవ్వ సంగటి చేసింది, మా చేనులో బుడ్డలు పెరికినాం" అని పాప రాస్తే, బుడ్డలంటే వేరుశనగకాయలని తెలిసినవాళ్ళు కావాలి. మాడ్రిడ్‌లో ఎంత పండితుడున్నా ఆ ఉత్తరం చదవలేడు. మన పిల్లల దగ్గర స్పానిష్‌తో పాటు తెలుగు కూడా ఉంది కదా. దాన్ని ఎవరూ అర్హతల్లో రాసుకోరు. మా అమ్మాయి బయోడేటాలో నేను పట్టుబట్టి రాయించాను. "చదవడం, రాయడం, మాట్లాడటం: తెలుగు" అని. తెలుగు చదవడం రాని హైదరాబాదు పిల్లలు ఎంతమందో మీకు తెలుసు.

ఇక ఈ రెండు నెలల గొడవ.

ఆఖరి సంవత్సరం పరీక్షలకు ముందే రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి పెద్ద కంపెనీ కాంట్రాక్టు, స్పానిష్‌లో పెట్టే పోస్టులూ వీడియోలూ తనిఖీ చేయడం. ఎవరో ఫిర్యాదు చేసినవి చూసి ఉంచాలా తీసేయాలా చెప్పాలి. లాటిన్ అమెరికా వేళలు, అంటే రాత్రి. రెండోది నాచారం వైపు చిన్న ఆఫీసు. మందుల కంపెనీల కాగితాలు స్పానిష్‌లోకి మార్చి ఇస్తారు. మన హైదరాబాదు మందులు పెరూలోనో మెక్సికోలోనో అమ్మాలంటే లేబులు, పెట్టెలో మడిచిపెట్టే కాగితం స్పానిష్‌లో ఉండాలి. బ్రెజిల్‌కి మాత్రం పోర్చుగీసు, ఈ తేడా తెలియక మా ఆడపడుచు రోజూ బ్రెజిల్ పేరే చెప్తుంది. నాచారం ఆఫీసు పగటిపూటే. కానీ నెలకు పద్నాలుగు వేలు తక్కువ.

పద్నాలుగు వేలంటే మా ఇంట్లో చిన్న మాట కాదు. ఫ్లాటు ఈఎంఐ ఇంకా ఏడేళ్ళుంది. బాబు వచ్చే ఏడాది ఇంటర్‌లో చేరతాడు, కార్పొరేట్ కాలేజీ ఫీజులు మీకు తెలియనివి కావు. మా ఆయన అన్నది ఇదీ: "అది స్పానిష్ చదువుతానంటే నేను కాదన్నానా? అందరూ వద్దన్నా చదివించాను. ఇప్పుడు ఆ చదువుకి ఎక్కువ ధర ఇచ్చేవాడి దగ్గర చేరమంటున్నా, అంతే కదా." ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పైగా రెండోదాని మీద ఆయనకు ఇంకో అనుమానం. "అనువాదం ఇప్పుడు కంప్యూటరే చేసేస్తోంది, రెండేళ్ళలో ఆ ఆఫీసు ఉంటుందా?"

ఆ అనుమానం నాకూ ఉంది. సీనియర్లను అడిగితే దాచకుండా చెప్పారు. మామూలు మెయిళ్ళు, ప్రకటనల్లాంటివి ఇప్పుడు మెషీనే మారుస్తుంది. మనిషి దాన్ని దిద్దుతాడు, దిద్దినదానికి రేటు తక్కువ. కానీ మందుల కాగితం మీద తప్పు పోతే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి చివర్లో మనిషి చూసి సంతకం పెట్టాల్సిందే అని. మా అమ్మాయి రెండు ఉదాహరణలు చెప్పింది. ఇంగ్లీషులో "రోజుకు ఒకసారి" అనడానికి రాసే "వన్స్" ఉంది చూడండి, అవే అక్షరాలు స్పానిష్‌లో "ఓన్సే" అని చదువుతారు. అర్థం పదకొండు! మందు చీటీ మీద ఆ ఒక్క మాట మార్చకుండా వదిలేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఇంకోటి, నిజంగా జరిగింది. 1980లో ఫ్లోరిడాలో స్పృహ తప్పిన 18 ఏళ్ళ కుర్రాణ్ణి ఆసుపత్రికి తెచ్చి, ఇంట్లోవాళ్ళు "ఇంతోక్సికాదో" అన్నారు. తిన్నదేదో పడలేదు అని వాళ్ళ ఉద్దేశం. ఇంగ్లీషు మాటలా ఉందని మత్తుమందు ఎక్కువైందనుకుని వైద్యం చేశారు. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. ఆ కుర్రాడికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. అది చెప్తున్నప్పుడు మా ఆయన అన్నం కలుపుతున్నవాడు ఆగిపోయాడు.

మొదటి ఉద్యోగం గురించి కూడా కనుక్కుంది. అక్కడ రెండేళ్ళుగా చేస్తున్న సీనియర్ "నాకిప్పుడు పది దేశాల తిట్లొచ్చు, ఒక్క దేశం కవిత్వం గుర్తులేదు" అన్నదట. నవ్వుతూనే అన్నదట గానీ, రోజూ చూసే కొన్ని వీడియోల గురించి మాత్రం చెప్పనన్నదట. మా అమ్మాయి అడిగితే మాట మార్చేసిందట. నాకు అక్కడే తేలిపోయింది. చెప్పుకోలేని పని చేసి తెల్లవారుజామున ఇంటికొచ్చే పిల్లకు నేను టిఫిను పెట్టగలను, ఇంకేం చేయగలను? అదే మా ఆయనతో అన్నాను. పద్నాలుగు వేలల్లో కొంత నేను సర్దుతాను, చీటీ ఇంకో ఏడాది ఆగుతుంది, బంగారం ఊసు ఎత్తను అని కూడా అన్నాను. కొంతమంది పిల్లలకు ఆ జీతం తప్పదు, వాళ్ళు చేస్తున్నారు, వాళ్ళను నేనేమీ అనను. మా ఇంట్లో తప్పనిసరి కాదు, కాస్త బిగపట్టుకుంటే గడుస్తుంది.

మా అత్తమ్మ, అంటే పిల్లల జేజి, ఇదంతా మంచం మీంచి వింటోంది. "ఏమే, రాత్రంతా మేలుకోని ఊరోళ్ళ తిట్లు చదివేదానికి చదువెందుకే, మన కొళాయి కాడ నిలబడితే చాలదా?" అంది. అందరం నవ్వేశాం. నవ్విన తర్వాత మా ఆయన "సరే, ఒక ఏడాది చూద్దాం" అన్నారు. రెండు షరతులు పెట్టారు. ఏడాదిలోపు సీ1 పరీక్ష పాసవ్వాలి. మందుల అనుమతులకు కాగితాలు ఎలా తయారుచేస్తారో ఆ పని కూడా నేర్చుకోవాలి, అనువాదం ఒక్కటే కాదు. రెండో షరతు మా మరిది చెప్పించిందే అని నా అనుమానం. మంచి షరతే.

ఏడాది తర్వాత ఏమవుతుందో చూడాలి. పైన ఎంఏ చదువుతానంటుందో, అనంతపురం వెళ్ళి ఉత్తరాలు చూస్తానంటుందో, మళ్ళీ జీతం చర్చే వస్తుందో. ఇప్పటికైతే జూన్ నుంచి వెళ్తోంది. మొదటి వారం దగ్గుమందు, రెండో వారం షుగరు మాత్రలు.

మొన్న రాత్రి లాప్‌టాప్ ముందేసుకుని, "అమ్మా, ఇంగ్లీషువాడు దీనికి నాలుగు మాటలు రాశాడు, ఖాళీ కడుపు మీద అని. స్పానిష్‌లో ఎన్ అయూనాస్ అంటే సరిపోతుంది. తెలుగులో ఏమంటాం?" అని అడిగింది. దాని పనికి తెలుగు అవసరం లేదు, ఊరికే అడిగింది.

"పరగడుపున" అన్నాను.

రెండుసార్లు పలికి చూసుకుని, నోటు పుస్తకంలో స్పానిష్ మాట పక్కన తెలుగులో రాసుకుంది.